డిక్కీలో బొచ్చె చేప

మా ఆయన ఉద్యోగమంతా ఏలూరు బస్టాండులో విచారణ కౌంటరు వెనకాల గడిచింది. బస్సు ఎందుకు రాలేదో అడిగేవాళ్ళకీ తెలియదు, ఆయనకీ తెలియదు. అయినా క్షమించమని అడగడం మాత్రం ఆయన పని. వానకి బస్సు ఆగిపోతే క్షమించండి, టైరు పేలితే క్షమించండి, ఎవరైనా తమంతట తామే వేరే బస్సెక్కి నూజివీడు వెళ్ళిపోయి తిరిగొచ్చి కేకలేస్తే ఇంకాస్త గట్టిగా క్షమించండి. రిటైరయ్యాక కౌంటరు పోయింది గానీ ఆ అలవాటు ఇంటికొచ్చేసింది. కూరలో ఉప్పు నేను మర్చిపోతే ఆయన క్షమించమంటారు.

నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. నా దగ్గర జవాబు తప్పయినా అవుతుంది, ఒప్పయినా అవుతుంది, మధ్యలో ఇంకోటి ఉండదు. మా ఇద్దరికీ పెళ్ళి కుదిర్చిన పెద్దలు ఏం ఆలోచించారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆయన రిటైరయ్యాక కారు కొన్నాం. నేనూ డ్రైవింగ్ నేర్చుకుంటానంటే ఇంట్లో ఎవరూ వద్దనలేదు. వద్దనకుండా నవ్వారు. మండవల్లిలో ఉన్న మా ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, మీరు బయల్దేరే ముందు ఓ మాట చెప్పండి, మా గేదెల్ని లోపల కట్టేసుకుంటాం" అంది. నేను పళ్ళు కొరుక్కుని క్లాసులకి వెళ్ళాను. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకెలా కారు తిప్పి చూపించాను. లైసెన్సు కార్డు వచ్చిన రోజు దాన్ని తీసుకెళ్ళి బైబిల్లో పెట్టుకున్నాను. అంత అపురూపంగా చూసుకున్న వస్తువు నా జీవితంలో ఇంకోటి లేదు, మా పెళ్ళి ఫోటోతో సహా.

ఆ ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక మా ఆడపడుచు ఇంటికి భోజనానికి బయల్దేరాం. స్టీరింగు నా చేతిలో ఉంది. మా ఆయన పక్క సీట్లో కూర్చుని, అక్కడ లేని బ్రేకుని కుడికాలితో తొక్కుతూ, నేను దాటేసిన ప్రతి మోటారు సైకిలు వాడికీ కిటికీలోంచి చెయ్యి ఊపి క్షమాపణ చెబుతున్నారు. కొల్లేరు రోడ్డెక్కాం. రెండు పక్కలా చేపల చెరువులు, కోసేసిన చేలు. ఒక మలుపు దాటగానే కుడిపక్క చేలోంచి బాతుల మంద రోడ్డెక్కింది. వాటి వెనకాల పొడుగు కర్రతో వాటిని కాసే ఆయన చెయ్యెత్తాడు.

నేను అద్దంలో చూశాను. మెల్లగా వేగం తగ్గించాను. ఆగాను. హ్యాండ్ బ్రేకు వేసి, వెనకాల వాళ్ళకి తెలియడానికి లైట్లు వేశాను. ఇదంతా ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత దీన్ని ఎవరూ నమ్మలేదు.

సగం బాతులు దాటాయి. మిగతా సగం దాటుతుండగా వెనక నుంచి ధభీమని చప్పుడైంది. కారు ఒక్కసారి ముందుకి ఊగి ఆగింది. ఆ వెనకే దబదబా ఏవో కారు మీద పడుతున్న చప్పుడు. దిగి చూస్తే ఆకివీడు వైపు చేపలు తీసుకెళ్తున్న చిన్న వ్యాను మా బండికి అంటుకుపోయి ఉంది. దాని క్యాబిన్ కంటే ఎత్తుగా పేర్చిన ట్రేలలో పైవి జారి ముందుకి పడ్డాయి. దెబ్బకి మా డిక్కీ నోరు తెరిచింది. ఐసూ, బొచ్చె చేపలూ వచ్చి అందులో పడ్డాయి. బాతులు రోడ్డు దాటడం మానేసి ఐసు ముక్కలు పొడుచుకుంటున్నాయి.

నాకు ఒళ్ళు మండింది. క్లాసులో వాడే గొంతు బయటికొచ్చింది.

"ఏమయ్యా, ఇలా రా! ఇంత పెద్ద కారు కనపడలేదా? లైట్లు కనపడలేదా? ఇన్ని బాతుల్లో ఒక్కటైనా కనపడలేదా? నిలబడున్న బండిని గుద్దావంటే నీ చూపెక్కడుంది?"

వ్యాను డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మీసాలొచ్చి చాలా కాలమైన మనిషి. "బాతుల్నే చూస్తన్నానండీ అమ్మగారూ. బాగున్నాయి గదా అని చూస్తన్నాను. తప్పయిపోయిందండి" అన్నాడు.

అక్కడితో అయిపోవలసింది. నేరం జరిగింది, చేసినవాడు ఒప్పుకున్నాడు. కానీ ఈలోగా మా ఆయన అటుపక్క తలుపు తీసుకుని దిగారు.

"అయ్యయ్యో, మీ తప్పేముందండీ. మేమే ఇక్కడ ఆగకుండా ఉండాల్సింది."

"లేదండీ బాబుగారూ, నాదేనండి."

"అలా అనకండి. తప్పు మాదేనండి."

"ఆయ్, ఎంత మాటండీ. నాదేనండి."

ఇంతలో బాతులాయన కూడా వచ్చాడు. "మీరిద్దరూ ఎందుకండీ అలా ఇదైపోతారు. నా బాతులదేనండి తప్పు" అన్నాడు. నడుములు వంచి ముగ్గురూ ఒకరికొకరు క్షమాపణలు చెప్పుకుంటుంటే మధ్యలో నేనొక్కదాన్నే నిటారుగా నిలబడ్డాను. చూసేవాళ్ళకి ఆ నలుగురిలో దోషి ఎవరంటే నన్నే చూపిస్తారు.

తర్వాత మా ఆయన చొక్కా చేతులు మడిచి, డిక్కీలోంచి చేపల్ని ఒక్కొక్కటే తీసి, అంటిన దుమ్ము తుడిచి మరీ ట్రేల్లో పేర్చి ఇచ్చారు. వ్యాను డ్రైవరు ఓ చేప ఉంచుకోమంటే వద్దన్నారు. ఇద్దరూ ఫోన్ నంబర్లు తీసుకున్నారు, ఏదో పెళ్ళి సంబంధం కుదిరినట్టు. ఓనరుకి తెలిస్తే తన పని పోతుందని అతను గొణిగితే, "మీ దాకా రానివ్వనండి" అని మా ఆయన మాటిచ్చేశారు. డిక్కీని తాడుతో కట్టి, మండవల్లి భోజనం మానుకుని, ఏలూరు తిరిగొచ్చాం. తిరుగు ప్రయాణంలో స్టీరింగు ఆయనే తీసుకున్నారు. నన్ను అడగలేదు.

ఇంటికి రాగానే ఆయన ఇన్సూరెన్సు వాళ్ళకి ఫోన్ చేశారు. నేను వంటింట్లో చారు కాస్తున్నాను. ముందు గదిలోంచి ఆ కౌంటరు గొంతు వినిపిస్తోంది.

"నమస్కారమండి. సెలవు రోజున ఇబ్బంది పెడుతున్నాను, క్షమించాలి. కారు వెనక్కి తీస్తుంటే గోడకి తగిలిందండి. ఆ, నేనేనండి నడిపింది. నాదేనండి పొరపాటు."

గరిటె పట్టుకునే బయటికొచ్చాను. "ఏవండీ, ఏ గోడండీ? కొల్లేట్లో గోడెక్కడుందండీ?"

"పాపం ఆ మనిషి పని పోతుంది కదా టీచరుగారూ." నన్ను ఆయన పెళ్ళైన కొత్తలో వేళాకోళానికి అలా పిలిచేవారు. తర్వాత అదే ఖాయమైపోయింది.

"సరే. మరి నడిపింది మీరని ఎందుకు చెప్పారు?"

ఆయన ఫోన్ వైపు చూస్తూ, "మీరు నడిపారంటే వాళ్ళు కూడా నవ్వుతారేమోనని" అన్నారు.

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. బండి సొట్టపోతే బాగుచేస్తారు. కానీ నేను నడిపాననీ, ఆగాల్సిన చోట ఆగాననీ, ఆ రోజు ఆ రోడ్డు మీద ఏ తప్పూ చేయని మనిషిని నేనేననీ ఎవరో ఒకరు పైకి చెప్పాలి కదా. నన్ను కాపాడుతున్నాననుకుని ఆయన నన్ను కారులోంచే తీసేశారు. ఆ రాత్రి చారులో ఉప్పు వేయలేదు, మర్చిపోయి కాదు. ఆయన క్షమించమని అడిగి మరీ తాగారు.

మేం చేతి డబ్బు కట్టకుండా మా ఇన్సూరెన్సు కంపెనీ తరఫున కారు బాగుచేసే వర్క్‌షాపు తాడేపల్లిగూడెంలో ఉంది. వాళ్ళు సోమవారం కాక పై సోమవారం తీసుకురమ్మన్నారు. ఈలోపు కారు మా గేటు లోపలే ఉండిపోయింది. మంగళవారానికి ఒక పిల్లి వచ్చి కారు కింద పడుకుంది. బుధవారానికి వీధిలో పిల్లులన్నీ వచ్చాయి. గురువారానికి వాసన మొదలైంది. మా ఆయన మురుగు కాలువనుకుని బ్లీచింగు పౌడరు చల్లారు. అయినా తగ్గకపోతే, పక్కింటివాళ్ళ గుమ్మం ముందుకెళ్ళి, మా కాలువ వాసన మీకు ఇబ్బందిగా ఉందేమో క్షమించండన్నారు. వాళ్ళు కాలువ మాదేమోనని ఎదురు క్షమాపణ చెప్పారు. పిల్లులకి మాత్రం వాసన ఎక్కణ్ణుంచి వస్తోందో స్పష్టంగా తెలుసు. అవి డిక్కీ వైపే చూస్తూ కూర్చున్నాయి.

ఆదివారం గుడిలో సాక్ష్యాలకి పిలిచారు. ఆపద తప్పినవాళ్ళు లేచి, అందరి ముందూ జరిగింది చెప్పి దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటారు. మా ఆయన లేచారు. దేవుడి ముందైనా చెబుతారు కదా అనుకున్నాను. ఆయన దేవుడికి కృతజ్ఞత చెప్పారు, వ్యాను డ్రైవరు క్షేమం కోసం ప్రార్థించమన్నారు, బాతులు క్షేమమన్నారు, చేపల్లో ఒక్కటీ పాడవలేదన్నారు. ఇన్సూరెన్సుకి చెప్పిన గోడ గుళ్ళోకి రాలేదు, అది నయం. కానీ నడిపిందెవరో అన్న దగ్గరికొచ్చేసరికి గొంతు సవరించుకుని కూర్చుండిపోయారు.

గుడి బయట ఆడవాళ్ళంతా నా చుట్టూ చేరారు. "మీ ఆయన ఎంత ఒడుపుగా ఆపకపోతే మీరు బతికి బయటపడతారండీ" అని ఒకావిడ నా బుగ్గలు నిమిరింది. "అదృష్టవంతులండీ" అంది ఇంకొకావిడ. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన దూరంగా ఎవరి చెప్పులో తొక్కినందుకు క్షమాపణ చెబుతున్నారు.

సోమవారం గూడెం వెళ్ళాం. ఆయన నడిపారు, నేను కిటికీ తెరుచుకుని ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. వర్క్‌షాపులో ఇన్సూరెన్సు తరఫున నష్టం చూసే సర్వేయరు మా కోసం కాచుకుని ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, చాలా నెమ్మదస్తుడు. కారు చుట్టూ తిరిగాడు. ఫోటోలు తీశాడు. వంగి బంపరు చూశాడు, లేచి మా ఆయన్ని చూశాడు.

"గోడకి కొట్టారన్నారు కదండీ. మరి ఈ ఆకుపచ్చ పెయింటు ఎక్కడిదండీ?"

"ఆకుపచ్చ గోడండి" అన్నారు మా ఆయన.

"గోడకి నంబరు ప్లేటు కూడా ఉందాండీ? బంపరు మీద అంకెలు అచ్చు పడ్డాయి."

మా ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. సర్వేయరు ఇంకేం అనకుండా మర్యాదగా, "పోనీలెండి. నడిపినవారి లైసెన్సు ఇప్పిస్తారా" అన్నాడు. మా ఆయన ఎన్నాళ్ళ నుంచో పర్సులో ఉన్న కార్డు తీసిచ్చారు. సర్వేయరు దాన్ని దగ్గరగా చూశాడు, దూరంగా పెట్టి చూశాడు.

"సార్, మరోలా అనుకోకండి. దీని గడువు ఎప్పుడో అయిపోయిందండి. మీరు నడిపారని రాస్తే ఈ క్లెయిమ్ రాదండి."

మా ఆయన నోట క్షమించండన్న మాట కూడా రాలేదు. పెళ్ళయ్యాక అది మొదటిసారి. నాకు మాత్రం ఎక్కడలేని బలమొచ్చింది. హ్యాండ్‌బ్యాగులో బైబిల్లోంచి నా కార్డు తీసి టేబుల్ మీద పెట్టాను.

"నడిపింది నేనండి. ఇది నా లైసెన్సు. కొత్తది."

సర్వేయరు కార్డు చూసి, నన్ను చూసి, చాలా బాధగా నవ్వాడు. "మేడంగారూ, రోజూ ఇలాగే జరుగుతుందండి. సారు కార్డు పనికిరాదని తెలిశాకే మేడంగారు నడిపారంటారు. నేనెలా నమ్మనండీ?"

నేను చెప్పిన నిజం అబద్ధంలా వినిపించడం నా జీవితంలో అదే మొదటిసారి. నాకు ఆ సర్వేయరు మీద కోపం రాలేదు. అతని స్థానంలో నేనున్నా సున్నా వేసేదాన్ని. మా ఆయన వైపు తిరిగాను. "చెప్పండి. ఇప్పుడైనా చెప్పండి."

"ఆవిడేనండి నడిపింది" అన్నారు ఆయన, నేల చూపులు చూస్తూ. "గోడ లేదండి. వ్యాను. పాపం ఆ డ్రైవరు పని పోతుందేమోనని..."

"మీ బండి బాగుకి మీ పాలసీయే ఇస్తుంది కదండీ. అతని జోలికి మేమెందుకెళ్తామండీ? ఉన్నదున్నట్టు చెప్తే ఏ గొడవా ఉండకపోను" అన్నాడు సర్వేయరు. "అయినా ఇప్పుడు ఏది నమ్మాలో నాకూ తెలియట్లేదండి. ముందు లోపల చూద్దాం" అని తాడు విప్పి డిక్కీ ఎత్తాడు.

వర్క్‌షాపులో పనిచేస్తున్నవాళ్ళంతా ఒక్కసారి ఆగిపోయారు. ఒకాయన రెంచీ కింద పడేసి బయటికి నడిచాడు. సర్వేయరు జేబురుమాలు ముక్కుకి చుట్టుకుని, స్టెప్నీ టైరు మీది అట్ట ఎత్తాడు. ఆ రోజు దెబ్బకి అట్ట లేచినప్పుడు జారినట్టుంది, టైరు పక్క సందులో, ఇన్నాళ్ళూ ఎవరికీ కనపడకుండా, ఒక పెద్ద బొచ్చె ఉంది. దాన్ని ఇక వర్ణించను.

సర్వేయరు దాన్ని కూడా ఫోటో తీశాడు. "వ్యాను మాట నమ్ముతున్నానండి" అన్నాడు రుమాలు లోంచి. "నడిపిందెవరో మిగిలింది."

అప్పుడు మా ఆయన ఫోన్ తీశారు. ఆ వ్యాను డ్రైవరు రోజూ పొద్దున్నే ఆయనకి పువ్వులున్న శుభోదయం పంపుతాడట, ఈయన తిరిగి పంపుతారట. నాకు అప్పటిదాకా తెలియదు. ఫోన్ స్పీకర్లో పెట్టారు. అవతల నుంచి అతను నమస్కారం కూడా చెప్పకుండానే, "తప్పు నాదేనండి బాబుగారూ" అన్నాడు.

"అయ్యో, అలా అనకండి" అని మా ఆయన మొదలుపెట్టబోతే సర్వేయరు ఫోన్ లాక్కున్నాడు. తనెవరో చెప్పి, "ఆ రోజు ఆ కారు ఎవరు నడుపుతున్నారండీ?" అని అడిగాడు.

"అమ్మగారేనండి."

"ఖాయంగా తెలుసాండీ?"

"ఎందుకు తెలీదండీ! స్టీరింగు పక్క తలుపు తీసుకుని దిగి నన్ను తిట్టారు గదండీ. మా అమ్మ కూడా నన్ను అలా తిట్టలేదండి. చేతులు కట్టుకుని నిలబడ్డాను. బాబుగారు అటుపక్క నుంచి దిగారండి, ఆయన మంచోరండి." కాస్త ఆగి, "అన్నట్టు ఏమండీ, ఆ రోజు ఓ బొచ్చె తగ్గిందని మా ఓనరుగారు ఇప్పటికీ గొణుగుతున్నారండి. మీకేమైనా కనపడిందాండీ?" అన్నాడు.

సర్వేయరు డిక్కీ వైపు ఓసారి చూశాడు. "కనపడిందండి. కానీ ఇక మీకు పనికిరాదు లెండి."

ఫోన్ పెట్టేసి సర్వేయరు నా కార్డు వివరాలు రాసుకున్నాడు. నడిపినవారు అన్న చోట నా పేరు రాస్తుంటే పక్కనే నిలబడి అక్షరం అక్షరం చూశాను. నా కోపాన్ని తగ్గించుకోమని మా అమ్మ మొదలు హెడ్మాస్టరుగారి దాకా నాకు చెప్పని మనిషి లేడు. ఆ రోజు నన్ను కాపాడింది నా కోపమే.

కారు తయారైందని కబురు రాగానే గూడెం మళ్ళీ వెళ్ళాం, ఈసారి బస్సులో. బస్సు ఆలస్యమైతే మా ఆయన అక్కడున్నవాళ్ళందరికీ క్షమాపణ చెప్పారు. ఆయన లైసెన్సు ఇంకా రెన్యువల్ కాలేదు. కాబట్టి తాళాలు నాకే ఇచ్చారు. ఆ రోజు తప్పిపోయిన భోజనం బాకీ ఉందని, గణపవరం, ఆకివీడు మీదుగా మండవల్లి బయల్దేరాం.

దారిలో అడిగాను. "ఇప్పుడు ఎవరూ లేరు. మనిద్దరమే. ఆ రోజు తప్పెవరిదో ఒక్కసారి చెప్పండి."

ఆయన చెరువుల వైపు తిరిగారు. "పరిస్థితులదనుకోవచ్చు కదా టీచరుగారూ" అన్నారు.

నోటికి రాని మాటని మనిషి నోట్లోంచి లాగలేం అనుకున్నాను. వర్క్‌షాపులో ఒత్తిడి పెడితే చెప్పారు గానీ, ఆయన మనసులో నేను ఇంకా నవ్వులపాలయ్యే డ్రైవర్నేనేమో అనిపించి మనసు చివుక్కుమంది.

ఆకివీడు దాటాక రోడ్డు మీదికి బాతులొచ్చాయి. కోతలైన రోజులు, ఆ దారిలో బాతులు రాకపోతేనే వింత. అద్దంలో చూశాను, మెల్లగా వేగం తగ్గించాను, ఆగాను, లైట్లు వేశాను. వెనకాల ఒక కారు కీచుమని మా బంపరుకి జానెడు దూరంలో ఆగింది. హారన్ మోగింది. మళ్ళీ మోగింది. ఆ కారులోంచి ఒక తల బయటికొచ్చింది.

"ఏంటండీ అలా ఆపేశారు నడిరోడ్డు మీద! ఆడవాళ్ళాండీ నడిపేది?"

నేను తలుపు తీయబోయాను. నా కంటే ముందే అటుపక్క తలుపు తెరుచుకుంది. మా ఆయన దిగారు. బాతుల మధ్య రోడ్డు మీద నిలబడ్డారు. ముఖం ఎర్రబడింది. ఇక క్షమాపణ చెప్పేస్తారని కళ్ళు మూసుకున్నాను.

"అవునండి, మా ఆవిడే నడుపుతోందండి. ఆగాల్సిన చోటే ఆగిందండి. ఆ రోజూ ఆగింది, ఈ రోజూ ఆగింది." గొంతు పెంచడం అలవాటు లేక కీచుగా వచ్చింది. "తప్పు మీదండీ!"

తిరిగొచ్చి సీట్లో కూర్చుని, తలుపు వేసుకుని, అక్కడ లేని బ్రేకు మీద కాలు పెట్టుకున్నారు. బాతులన్నీ దాటిపోయాక కూడా కాసేపటి దాకా నేను బండి కదపలేకపోయాను, రోడ్డు సరిగ్గా కనపడక.